గోరా: దేవుణ్ణి వదిలి మనిషిని పట్టుకున్న మాస్టారు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసిమ్మని అడిగినప్పుడు నేను చాలా ఆలోచించాను. అంబేద్కర్ గురించి, ఫూలే గురించి, జాషువా గురించి మన సంచికల్లో ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాల్సిందే కూడా. కానీ ఈసారి నేను గోరా గురించి రాస్తానని చెప్పాను. గోరా ఎవరని మనవాళ్ళే ఇద్దరు ముగ్గురు అడిగారు. కోదాడలో విజయవాడ బస్సెక్కితే రెండు మూడు గంటల్లో బెంజి సర్కిల్ దగ్గర దిగుతాం. అక్కడ పటమటలో నాస్తిక కేంద్రం ఉంది. దాన్ని స్థాపించిన మాస్టారే గోరా. మనకు ఇంత దగ్గరగా ఉన్న మనిషి గురించి మనకు ఇంత తక్కువ తెలియడం ఆశ్చర్యమే.

నేను గోరాను ఎంచుకోవడానికి ఒక సొంత కారణం కూడా ఉంది. అది ముందే చెప్పుకుంటాను.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా నాయినకు జబ్బు చేసింది. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసిన మనిషి మంచానికి అతుక్కుపోయాడు. మా అమ్మ మొక్కని దేవుడు లేడు. దురాజ్‌పల్లి గట్టు మీది లింగమంతుల స్వామికి యాటను మొక్కింది. జాన్‌పహాడ్ దర్గాలో కందూరు చేస్తానంది. చర్చికి పోయే మా మేనత్త ఉపవాస ప్రార్థనలు చేయించింది. నేను కూడా హాస్టల్‌లో రాత్రి అందరూ పడుకున్నాక చేతులు జోడించి కూర్చునేవాణ్ణి. నాయిన దక్కలేదు. పదకొండో రోజు అయిపోయాక హాస్టల్‌కు వచ్చి నా ట్రంకు పెట్టె మూత లోపల అంటించుకున్న దేవుడి పటాలన్నీ చింపేశాను. చింపాక కోపం తగ్గలేదు సరికదా, ఇంకేదో పోగొట్టుకున్నట్టు అనిపించింది. ఇంటికి పోతే అమ్మ దీపం పెట్టేది, నేను మొహం తిప్పుకునేవాణ్ణి. ఆ ఏడాదంతా మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ.

అప్పుడు మా సీనియర్ అన్న ఒకాయన గోరా గురించిన పుస్తకం ఇచ్చి చదవమన్నాడు. ఆయన కూడా నాలాగే వృక్షశాస్త్రం చదివినవాడని చెప్పి ఇచ్చాడు. చదివాను. అందులో నాకు దొరికింది దేవుడు ఉన్నాడా లేడా అన్న దానికి జవాబు ఒక్కటే కాదు. అది ఏమిటో చివర చెబుతాను. ముందు ఆయన జీవితం.

బాల్యం, చదువు

గోరా అసలు పేరు గోపరాజు రామచంద్రరావు. ఇంటిపేరులోంచి మొదటి అక్షరం, పేరులోంచి మొదటి అక్షరం కలిపితే గోరా అయింది. 1902 నవంబర్ 15న నేటి ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. ఆచారాలు గట్టిగా పాటించే బ్రాహ్మణ కుటుంబం. చిన్నప్పుడు ఆయన కూడా అందరిలాగే భక్తి, భయం రెండూ ఉన్న పిల్లవాడే. పుట్టుకతోనే నాస్తికుడు కాదు. ఇది మనం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఆయన నమ్మకం నుంచి బయటికి వచ్చిన దారి ఒక్కరోజులో నడిచింది కాదు, ఏళ్ళ తరబడి నడిచింది.

కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి వృక్షశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. చదువుకుంటూ ఉండగానే 1922లో సరస్వతి గారితో పెళ్ళి జరిగింది. అప్పటికి ఆమెకు పదేళ్ళు. 1912 సెప్టెంబర్ 28న పుట్టిన ఆ పదేళ్ళ పాప తరువాతి రోజుల్లో భర్త వెనుక నడవడం కాదు, భర్తతో సమానంగా నడిచింది. గోరా జీవితం చెప్పి సరస్వతి గారిని చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

యేల్‌కు పంపిస్తామన్నా వద్దన్నాడు

1925లో మధురలోని అమెరికన్ కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు. అది క్రైస్తవ మిషనరీల కళాశాల. కుర్రవాడి తెలివి చూసి, క్రైస్తవం పుచ్చుకుంటే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి పై చదువుకు పంపిస్తామన్నారు. ఆ రోజుల్లో అమెరికా చదువంటే మాటలు కాదు. గోరా ఒప్పుకోలేదు. ఉద్యోగం వదులుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి ఆలోచించండి. ఆయన అప్పటికే తన మతం మీద గట్టి నమ్మకం ఉండి వద్దన్నారా అంటే, అది కాదు. ఆ ప్రతిపాదన వచ్చాకనే మతం అంటే ఏమిటి, దేవుడంటే ఎవరు అన్న ప్రశ్నలు ఆయనలో గట్టిగా మొదలయ్యాయి. ఒక మతం వదిలి ఇంకో మతం తీసుకోవాలంటే రెండింటినీ తూచాలి కదా. తూచడం మొదలుపెట్టాక ఆగలేదు. లాభం కోసం నమ్మినట్టు నటించడం మాత్రం తన వల్ల కాదని తేల్చుకున్నారు.

తరువాత కోయంబత్తూరులో పత్తి పరిశోధనలో కొంతకాలం, కొలంబోలోని ఆనంద కళాశాలలో కొంతకాలం పనిచేశారు. ఆనంద కళాశాల బౌద్ధుల విద్యాసంస్థ. అంటే హిందువుగా పుట్టి, క్రైస్తవుల దగ్గర, బౌద్ధుల దగ్గర పాఠం చెప్పి, మూడు మతాలనూ దగ్గరగా చూశారు.

పరీక్షించి చూడటం

గోరా సైన్సు మాస్టారు. ప్రయోగశాలలో ఏది పరీక్షిస్తామో ఇంట్లో కూడా దాన్నే పరీక్షించాలన్నది ఆయన పద్ధతి. దయ్యాలున్నాయని జనం భయపడి ఎవరూ అద్దెకు దిగని ఇంట్లో ఆలుమగలిద్దరూ కాపురం పెట్టారు. ఏ దయ్యమూ రాలేదు. సరస్వతి గారు గర్భవతిగా ఉండి గ్రహణం వేళ బయటికి వచ్చారు. మన ఊళ్ళలో ఇప్పటికీ గ్రహణమంటే గర్భిణిని గదిలో పెట్టి తలుపు వేస్తారు, కత్తిపీట ముట్టుకోనివ్వరు. పుట్టిన బిడ్డ ఆరోగ్యంగానే పుట్టింది.

నిప్పుల మీద నడవడం కూడా వాళ్ళు చేసి చూపించారు. పీర్ల పండుగకు గుండంలో నిప్పుల మీద నడిచేవాళ్ళను మనలో చూడనివారు లేరు. దాంట్లో మహిమ ఏమీ లేదు. కట్టెబొగ్గు, దాని మీది బూడిద వేడిని తొందరగా పాదానికి చేరనివ్వవు. పాదం నిప్పుకు తగిలేది క్షణకాలమే. ఆగకుండా నడిస్తే చాలా వరకు కాలదు, ఆగితే కాలుతుంది. భక్తుడైనా, భక్తుడు కాకపోయినా అంతే. ఎనిమిదో తరగతి ఉష్ణవాహకాల పాఠం చదివిన తమ్ముడు కూడా ఇది చెప్పగలడు. చెప్పగలడు గానీ తమ్ముళ్ళారా, ప్రయోగమని మీరు మాత్రం చేయకండి.

ఈ పరీక్షల్లో నాకు నచ్చింది ధైర్యం ఒక్కటే కాదు. ఎదుటివాడిని వెక్కిరించి వదిలేయకుండా, ముందు తాము చేసి చూసి తరువాతనే చెప్పడం.

జంధ్యం తీసిన రోజు

1928లో గోరా కాకినాడకు తిరిగి వచ్చి తాను చదివిన పిఠాపురం రాజా కళాశాలలోనే వృక్షశాస్త్రం చెప్పసాగారు. అప్పటికి కులం మీద, దాన్ని నిలబెట్టే శాస్త్రాల మీద ఆయనకు నమ్మకం పూర్తిగా పోయింది. జంధ్యం వేసుకోనన్నారు. కులపెద్దలు ఊరుకోలేదు. వెలి వేస్తామన్నారు. తండ్రి కొడుకును, కోడలిని ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నారు. ఇద్దరూ కట్టుబట్టలతో వెళ్ళిపోయారు.

ఈ ఘట్టం చదివినప్పుడు నాకు మొదట గోరా మీద గౌరవం కలిగింది, తరువాత ఆ తండ్రి మీద జాలి కలిగింది. ఆయన చెడ్డవాడు కాడు. ఊరు తనను ఏమంటుందో, మిగతా పిల్లల పెళ్ళిళ్ళు ఎట్లా అవుతాయో అని భయపడి ఉంటాడు. నమ్మకం మనిషి ఒంటరిగా పెట్టుకునేది కాదు. చుట్టూ ఉన్న పదిమందితో కలిసి పెట్టుకునేది. అందుకే దాన్ని వదిలేటప్పుడు దేవుడితో తెగతెంపులు సులువే, మనుషులతోనే కష్టం. హాస్టల్‌లో పటాలు చింపడానికి నాకు ఒక నిమిషం పట్టింది. అమ్మ మొహం చూడటానికి ఏడాది పట్టింది.

ఉద్యోగాలు పోవడం

1930లో ఉప్పు సత్యాగ్రహం జరుగుతుండగా పుట్టిన కొడుక్కు గోరా లవణం అని పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పుట్టిన కొడుకు సమరం. పత్రికల్లో ఆరోగ్య సలహాలు రాసే డాక్టర్ సమరం గారు ఆయనే. నియంతల పెత్తనం సాగుతున్న రోజుల్లో పుట్టిన ఇంకో కొడుకు నియంత. తొమ్మిదో సంతానానికి నౌ అని, అంటే తొమ్మిది అని పెట్టారు. పేరులో కులం ఉండదు, దేవుడు ఉండడు. మన పేర్లు చూసి మన కులం పోల్చుకునే ఊళ్ళలో పుట్టిన మనకు ఇది చిన్న సంగతిగా కనిపించదు.

నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడ కళాశాల ఆయనను ఉద్యోగంలోంచి తీసేసింది. మరుసటి సంవత్సరం మచిలీపట్నం హిందూ కళాశాలలో చేరారు. పగలు పాఠాలు, సాయంత్రాలు దళితవాడల్లో వయోజనులకు అక్షరాలు. అక్కడా గొడవలే వచ్చాయి. 1940తో పదిహేనేళ్ళ అధ్యాపక జీవితం ముగిసింది. ఇంట్లో పిల్లలు, చేతిలో జీతం లేదు. అయినా ఇంకో కళాశాల కోసం వెతకలేదు.

ముదునూరు

కృష్ణా జిల్లా ముదునూరు గ్రామస్థులు రమ్మన్నారు. 1940 ఆగస్టులో అక్కడ నాస్తిక కేంద్రం మొదలైంది. పేరు వింటే అక్కడ రోజూ దేవుడు లేడని ఉపన్యాసాలు చెప్పి ఉంటారనుకుంటాం. కానీ అక్కడ జరిగింది రాత్రి బడి, అంటరానితనంపై పోరాటం, సహపంక్తి భోజనాలు. ప్రతి పున్నమి రాత్రి అన్ని కులాల వాళ్ళూ తలా కొంత తెచ్చుకుని ఒకచోట కూర్చుని తినేవారు. పౌర్ణమి వెన్నెల్లో ఎవరి విస్తరి ఎవరిదో, ఎవరి కులం ఏదో. 1940లలో ఒక పల్లెటూళ్ళో ఇది జరిగిందంటే ఊహించుకోండి. ఇప్పటికీ మన ఊళ్ళలో పెళ్ళి భోజనాల దగ్గర కొందరికి వేరే బంతి వేసిన సంగతులు వింటూనే ఉన్నాం.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో కుటుంబం జైలుకు వెళ్ళింది. సరస్వతి గారు ఏడాదిన్నర వయసున్న నియంతను చంకన వేసుకుని రాయవేలూరు జైలుకు వెళ్ళారు.

గోరా దృష్టిలో దేవుడు లేడనడం ఒక్కటే నాస్తికత్వం కాదు. నా మంచిచెడ్డలకు నేనే బాధ్యుణ్ణి, నా బతుకు నా చేతుల్లో ఉందని మనిషి అనుకోవడమే నాస్తికత్వం. కర్మ అని, తలరాత అని చెప్పి ఒకరిని కింద కూర్చోబెడితే, కింద కూర్చున్నవాడు కూడా అది నిజమే అనుకుంటాడు. ఆ అనుకోవడాన్ని తీసేయకుండా అంటరానితనం పోదన్నది ఆయన వాదన.

గాంధీతో

ఇక ఈ జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం. గోరా దేవుణ్ణి నమ్మనివాడు. గాంధీ రోజుకు రెండు పూటలా ప్రార్థన చేసేవాడు. వీళ్ళిద్దరికీ ఎట్లా కుదిరింది?

1930లోనే గోరా గాంధీకి ఉత్తరం రాసి దేవుడు అన్న మాటకు అర్థం చెప్పమని అడిగారు. దేవుడు మనిషి బుద్ధికి అందనివాడన్న అర్థంలో గాంధీ జవాబిచ్చారు. గోరాకు తృప్తి కలగలేదు. 1941లో ముదునూరు పని గురించి చెప్పి, కలవడానికి అనుమతి కోరుతూ మళ్ళీ రాశారు. నాస్తికత్వం ఎక్కడా నిలబడినది కాదన్నట్టు గాంధీ జవాబు ఆ రోజు కటువుగానే వచ్చింది. ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారు, లేదా గాంధీని తిడుతూ పత్రికలో రాసేవారు. గోరా తన పని తాను చేసుకుంటూ పోయారు. 1944 చివరలో సేవాగ్రాం నుంచి పిలుపు వచ్చింది.

అప్పటికి బెంగాల్ కరువు జరిగి ఎక్కువ కాలం కాలేదు. 1943లో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. గోరా గాంధీతో ఆ విషయమే మాట్లాడారు. కలకత్తా వీధుల్లో మిఠాయి దుకాణాల ముందే జనం ఆకలితో పడి చచ్చిపోయారు, చెయ్యి చాచి తీసుకోలేదు. ఇది మా రాత అనుకున్నారు కాబట్టే అట్లా చచ్చిపోయారు. అటు దుకాణదారు కూడా వాళ్ళ రాత అనుకున్నాడు కాబట్టే ఊరుకున్నాడు. ఇద్దరూ మనుషులమే అనుకుని ఉంటే ఆ తిండి అందరికీ అందేది. గోరా వాదనలోని సారం ఇది. గాంధీ ఓపికగా విన్నారు. ఎదురు ప్రశ్నలు వేశారు. ఒక్కరోజు కాదు, ఎన్నో రోజులు ఇద్దరూ మాట్లాడుకున్నారు.

గాంధీ కూడా మారుతూ వచ్చిన మనిషే. మొదట దేవుడే సత్యం అని చెప్పిన ఆయన 1931 నాటికి ఆ మాటను తిరగేసి సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టారు. ఆ మార్పులో పెద్ద అర్థం ఉంది. దేవుణ్ణి ఒప్పుకోనివాడు కూడా సత్యాన్ని కాదనలేడు. కనుక ఆ తలుపు గుండా నాస్తికుడికి కూడా లోపల చోటు దొరికింది. చివరకు గాంధీ గోరాతో, నా ఆస్తికత్వం సరైనదని గానీ నీ నాస్తికత్వం తప్పని గానీ తాను చెప్పలేనని, ఇద్దరమూ సత్యాన్ని వెతుకుతున్నవాళ్ళమేనని ఒప్పుకున్నారు. అంతటి పేరున్న మనిషి, తనకంటే ముప్పై మూడేళ్ళు చిన్నవాడి ముందు అట్లా చెప్పడం సామాన్యం కాదు. గోరా కూడా గాంధీ ప్రార్థనను ఎగతాళి చేయలేదు. ఆ సంభాషణలన్నీ గోరా ఇంగ్లీషులో పుస్తకంగా రాశారు. 1951లో దాన్ని ప్రచురించింది గాంధీ స్థాపించిన నవజీవన్ సంస్థే.

మనోరమ పెళ్ళి

మాటలు ఎవరైనా చెబుతారు. గోరా తన పెద్ద కూతురు మనోరమకు ముదునూరు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్ళి నిశ్చయించారు. దళితులతో జరిగే పెళ్ళిళ్ళకే తాను వెళతానని అప్పటికే నిర్ణయించుకున్న గాంధీ, ఈ పెళ్ళి సేవాగ్రాంలో తానే జరిపిస్తానన్నారు. అర్జునరావు ముందుగా వెళ్ళి ఆశ్రమంలో ఉన్నారు. అయితే ఒక చిక్కు. ఆశ్రమంలో పెళ్ళి దేవుడి పేరు మీద జరుగుతుంది. వధువు ఇంటివాళ్ళు నాస్తికులు. గాంధీ దానికీ ఒప్పుకున్నారు. దేవుడి పేరుకు బదులు సత్యం పేరు మీద ప్రమాణం చేయించవచ్చన్నారు.

1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. పెళ్ళి ఆగలేదు. ఆ మార్చిలో సేవాగ్రాంలోనే ఆయన మాటిచ్చిన పద్ధతిలోనే జరిగింది.

తరువాత 1960లో లవణం గారు హేమలత గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆమె ఎవరో కాదు, మన మహాకవి గుర్రం జాషువా కూతురు. జాషువా దేవుణ్ణి నమ్మిన కవి. నమ్మి, ఆ దేవుడి గుడిలోకి తనను రానివ్వని లోకాన్ని నిలదీసిన కవి. గోరా దేవుణ్ణి నమ్మని మాస్టారు. ఇద్దరూ వియ్యంకులయ్యారు. లవణం, హేమలత దంపతులు స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడిన కుటుంబాల మధ్య, నిజామాబాద్ జిల్లాలో జోగినీల మధ్య ఏళ్ళ తరబడి పనిచేశారు. మన పాత నల్లగొండ జిల్లా పోచంపల్లిలో 1951లో భూదాన ఉద్యమం మొదలుపెట్టిన వినోబా, తరువాత తెలుగు నేల మీద పాదయాత్ర చేసినప్పుడు ఆయన ప్రసంగాలను తెలుగులోకి చెప్పింది లవణం గారే. గీత చదివే వినోబా పక్కన నాస్తికుడైన లవణం నడిచారు.

చివరి రోజులు

1947లోనే కేంద్రం విజయవాడ పటమటకు మారింది. గోరా పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు. మంత్రులు ఆడంబరాలు మానాలన్నారు. 1961లో సేవాగ్రాం నుంచి ఢిల్లీకి పాదయాత్ర మొదలుపెట్టారు. పూలమొక్కలకు బదులు కూరగాయలు పెంచమనేవారు, సన్మానాలకు పూలదండలు వద్దనేవారు. 1972లో విజయవాడలో ప్రపంచ నాస్తిక మహాసభ జరిపించారు. అదే ఏడాది ఆగస్టు 15న గొడ్డుమాంసం, పందిమాంసం రెండూ పెట్టి స్నేహ విందు చేశారు. ఇష్టమైనవాళ్ళు తిన్నారు. ఆ విందుపై పెద్ద అలజడి కూడా లేచింది. ఆయన చేసినవన్నీ అందరికీ నచ్చాయని నేను అనను. కొన్ని నాకు కూడా మొండితనంగానే కనిపించాయి.

1975 జులై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూ మాట్లాడుతూనే కుప్పకూలి కన్నుమూశారు. తరువాత కేంద్రాన్ని ముందుండి నడిపిన సరస్వతి గారు 2006 ఆగస్టులో మరణించారు. 2002లో గోరా శతజయంతి సందర్భంగా తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది.

మనం ఏం తీసుకోవాలి

గోరా చెప్పిందంతా నేను ఒప్పుకోను. నమ్మకం మనిషిని బానిసను చేస్తుందన్నది ఆయన మాట. కొన్నిచోట్ల చేస్తుంది, అది మనవాళ్ళకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కానీ మన పెద్దలందరూ ఆ దారినే పోలేదు. భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదులో బడులు పెట్టి, జోగినీ ఆచారాన్ని ఎదిరించి, చివరకు బుద్ధుడి వైపు నడిచారు. అంబేద్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారు. మనిషికి మతం అవసరమే, అయితే అది బుద్ధికి నిలబడాలి, మనుషులను సమానంగా చూడాలి అన్నది ఆయన తేల్చుకున్న సంగతి. మన సూర్యాపేట దగ్గర ఫణిగిరి గుట్ట మీద రెండు వేల ఏళ్ళ నాడే బౌద్ధ భిక్షువులు ఉన్నారు. అంటే ఈ నేల మీద నమ్మకమూ ప్రశ్నా రెండూ పాతవే.

గోరాకు వారసత్వంగా వచ్చిన కొన్ని సౌకర్యాలున్నాయని కూడా మనం మరచిపోకూడదు. పై కులంలో పుట్టి, పెద్ద చదువు చదివినవాడు దేవుణ్ణి కాదంటే లోకం కోపంతోనైనా వింటుంది. కూలికి పోయే మా అమ్మకు గుళ్ళోనో దర్గాలోనో చెప్పుకునే ఆ నాలుగు మాటలు తప్ప వినే దిక్కు ఇంకేది? దాన్ని ఆమె చేతుల్లోంచి లాగేసే ముందు, దాని బదులు నేనేం ఇస్తున్నాను అని అడుక్కోవాలి. గోరా ముదునూరులో బదులు ఇచ్చారు. బడి ఇచ్చారు, పక్కన కూర్చుని అన్నం తిన్నారు, కూతురినిచ్చి పెళ్ళి చేశారు. నేను మా అమ్మకు మొహం తిప్పుకోవడం తప్ప ఏమిచ్చాను?

ఆ పుస్తకం చదివాక నాకు దొరికింది ఇదే. తర్కాన్ని వదులుకోనక్కరలేదు, మనిషిని వదులుకోనక్కరలేదు. జబ్బు చేస్తే ముందు ఆసుపత్రికి పోవాలి, మొక్కు తరువాత. ఈ మాట ఇప్పుడు మా ఇంట్లో గట్టిగానే చెబుతాను, అమ్మ వింటుంది. నాయినకు జబ్బు చేసినప్పుడు మొదటి నెల రోజులు మేము మొక్కుల్లోనే గడిపాం. ఆ నెల రోజులు నేను మరచిపోలేను. మళ్ళీ ఎవరి ఇంట్లోనూ అట్లా జరగకూడదని ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మొన్న గట్టు జాతరకు అమ్మ పోతానంటే నేనూ వెంట పోయాను. సంచి మోశాను, జనంలో ఆమె చెయ్యి పట్టుకుని గట్టు ఎక్కించాను. ఆమె మొక్కింది. నేను పక్కన నిలబడ్డాను, మొక్కలేదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. దిగేటప్పుడు పుట్నాలు, పేలాలు కొనుక్కుని తింటూ వచ్చాం.

తమ్ముళ్ళారా! మన హాస్టల్‌లో అయ్యప్ప మాల వేసుకునేవాడు ఉన్నాడు, ఆదివారం చర్చికి పోయేవాడు ఉన్నాడు, రంజాన్‌కు రోజా ఉండేవాడు ఉన్నాడు, ఏదీ లేదనేవాడూ ఉన్నాడు. రాత్రి పన్నెండు దాకా వాదించుకోండి, తప్పు లేదు. ప్రశ్న అడగడానికి భయపడకండి. కానీ పొద్దున అందరూ ఒకే వరుసలో పళ్ళెం పట్టుకుని నిలబడతారని, ఒకే గిన్నెలోని అన్నం తింటారని గుర్తుంచుకోండి. ముదునూరు పున్నమి భోజనం మన హాస్టల్‌లో రోజూ జరుగుతోంది. అది చెడగొట్టే నమ్మకం ఏదైనా, నాస్తికత్వమైనా సరే, మనకు వద్దు.

వీలైతే ఈ సెలవుల్లో ఒకరోజు విజయవాడ పోయి ఆ కేంద్రం చూసి రండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (వృక్షశాస్త్రం)